పనిలో పొంచి ఉన్న ప్రమాదాన్ని ముందే పట్టుకోవడం ఎలా: ఈటీపీ పంపు ఉదాహరణతో జేఎస్ఏ

మీ ఫ్యాక్టరీలోనూ జేఎస్ఏ ఫైలు ఉండే ఉంటుంది. జాబ్ సేఫ్టీ అనాలిసిస్ అని అట్ట మీద రాసి, ఆడిట్ వాళ్లు వచ్చినప్పుడు బీరువాలోంచి తీసి, వాళ్లు వెళ్లగానే లోపల పెట్టేస్తారు. ఒకసారి తెరిచి చూడండి. వెల్డింగ్‌కీ, పెయింటింగ్‌కీ, పంపు రిపేరుకీ చివరి గడిలో ఒకటే మాట: "హెల్మెట్, గ్లౌజులు, సేఫ్టీ షూస్ ధరించి జాగ్రత్తగా పని చేయవలెను." ఆ జాగ్రత్త ఏమిటో, ఎక్కడ పడాలో, ఎవరు పడాలో అందులో ఉండదు.

నిజానికి జేఎస్ఏ చాలా సాదా పద్ధతి. ఒక పనిని తీసుకుంటారు. దాన్ని చేసే వరసలోనే ముక్కలుగా విడగొడతారు. ఒక్కో ముక్క దగ్గర మనిషికి ఏం కావచ్చో చూస్తారు. అది కాకుండా ఏం చేయాలో నిర్ణయిస్తారు. పెన్నూ కాగితమూ చాలు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కానీ ఆ పని రోజూ చేసే మనిషి పక్కన ఉండి తీరాలి. ఏసీ గదిలో ఒక్కరే కూర్చుని రాస్తే పైన చెప్పిన కాగితమే మళ్లీ తయారవుతుంది.

షిఫ్ట్ ఇన్‌చార్జులు, మెయింటెనెన్స్ సూపర్‌వైజర్లు, చిన్న యూనిట్లు నడిపేవాళ్లు ఈ పద్ధతిని తమ దగ్గర మొదలుపెట్టుకోడానికి పనికొచ్చేలా ఒకే ఉదాహరణను చివరిదాకా తీసుకెళ్తాను: ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) ట్యాంకులో జామ్ అయిన సబ్‌మెర్సిబుల్ పంపును పైకి తీసి, బాగుచేసి, మళ్లీ దించడం. జీడిమెట్లలోనైనా, పాశమైలారంలోనైనా, పరవాడలోనైనా, అచ్యుతాపురంలోనైనా మురుగునీటి ట్యాంకు ఉన్న ప్రతి యూనిట్‌లో ఈ పని వస్తూనే ఉంటుంది. చూడడానికి చాలా మామూలు పని. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

ఏ పనితో మొదలుపెట్టాలి

ఫ్యాక్టరీలో వందల పనులుంటాయి. అన్నిటికీ ఒకేసారి రాయాలనుకుంటే కాపీ పేస్ట్‌లోకి దిగుతారు. నెలకు రెండు మూడు చేసినా చాలు, సరిగ్గా చేయండి.

ముందు ప్రమాదాల రిజిస్టరు, ఫస్ట్ ఎయిడ్ పుస్తకం తీసి ఏ పనిలో దెబ్బలు తగులుతున్నాయో చూడండి. తర్వాత రిజిస్టరులో దొరకనిది అడగండి. షాప్‌ఫ్లోర్ మీదకు వెళ్లి, "ఏ పని చెప్తే మీకు టెన్షన్?" అంటే చాలు. మొదట నవ్వుతారు, తర్వాత రెండు మూడు పనులు చెప్తారు. సాధారణంగా వాటిలో ఒకటైనా మీ లిస్టులో ఉండదు.

ఇప్పటిదాకా ఏమీ జరగకపోయినా, జరిగితే ప్రాణం పోయే పనులు పైకి రావాలి. ఎత్తులో పని, ట్యాంకుల్లోకి దిగడం, కరెంటు ప్యానెళ్లు, బరువులు ఎత్తడం, సాల్వెంట్‌తో పని ఈ కోవలోకి వస్తాయి. ఆ తర్వాత అరుదుగా చేసే పనులు. ఉత్పత్తి పనికి ఎస్ఓపీ (ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతి) ఉంటుంది, చేతులకు అలవాటూ ఉంటుంది. ఆర్నెల్లకోసారి వచ్చే మెయింటెనెన్స్ పనికి రెండూ ఉండవు. పోయినసారి చేసినవాడు మానేసి ఉంటాడు కూడా. మన పంపు పని ఈ రెండు లెక్కల్లోనూ ముందుంటుంది.

ఎవరెవరు కూర్చోవాలి

నలుగురైదుగురు చాలు. పంపు తీసే ఫిట్టర్, అతని హెల్పర్, ఎలక్ట్రీషియన్, ఈటీపీ ఆపరేటర్, మీరు. ఈటీపీ కాంట్రాక్టుకు ఇచ్చి ఉంటే కాంట్రాక్టర్‌ను కాదు, అతని దగ్గర ట్యాంకు అంచున నిలబడే మనిషిని పిలవండి. అతనిది ఒడిశానో బిహారో అయితే హిందీలో మాట్లాడగలిగేవాళ్లను పక్కన పెట్టుకోండి. అర్థం కాకపోయినా తల ఊపడం మనందరికీ అలవాటే.

పెద్ద మేనేజర్ ఆ గదిలో లేకపోతేనే మంచిదని నా అభిప్రాయం. ఆయన ఉంటే అందరూ పని ఎలా చేయాలో చెప్తారు, ఎలా చేస్తున్నారో చెప్పరు. మనకు కావలసింది రెండోది. "ఇక్కడ చెప్పినదానికి ఎవరికీ మెమో రాదు" అని ముందే చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఒక్కసారి తప్పినా ఇంకెవరూ నోరు విప్పరు.

పనిని నిలబడి చూడండి, ముక్కలుగా రాయండి

వీలైతే అసలు పని జరిగేటప్పుడు అక్కడ నిలబడి చూడండి. పైనుంచే చేయగలిగిన పనికే ఇది. చూస్తుండగా ఎవరైనా ప్రాణాపాయంలోకి అడుగు పెడుతుంటే పరిశీలన అక్కడే ఆపి పని ఆపించాలి. చూసే వీలు లేకపోతే ట్యాంకు దగ్గరకే వెళ్లి, ఎవరు ఎక్కడ నిలబడతారో, ఏది దేనికి తగిలిస్తారో చేతులతో చూపించమనండి. గదిలో గుర్తు రానివి అక్కడ గుర్తొస్తాయి.

ముక్కలు మరీ పెద్దవి కాకూడదు, మరీ చిన్నవీ కాకూడదు. "పంపు రిపేరు చేయడం" అని ఒక్క ముక్కగా రాస్తే ఏమీ కనిపించదు. "స్పానర్ అందుకోవడం" దాకా వెళితే నలభై ముక్కలై ఎవరూ చదవరు. ఎనిమిది నుంచి పన్నెండు మధ్య ఉంటే సరిపోతుంది. మన పంపు పని ఇలా వస్తుంది:

1. పంపు ఆపి, ప్యానెల్ దగ్గర కరెంటు తీయడం
2. ట్యాంకు మూత, గ్రేటింగ్ తెరవడం
3. పైన డెలివరీ లైను ఫ్లాంజ్ (పైపులు కలిసే చోటు) బోల్టులు విప్పడం
4. పంపు గొలుసును బరువులెత్తే చైన్ బ్లాక్‌కు తగిలించి పైకి లాగడం
5. పక్కకు తెచ్చి నేల మీద దించడం
6. కడిగి, పంపు లోపల తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్‌లో ఇరుక్కున్నది తీయడం
7. కేబుల్, ఇన్సులేషన్ చూసుకుని పంపును మళ్లీ దించడం
8. ఫ్లాంజ్ బిగించి, మూతలు వేసి, కరెంటు ఇచ్చి నడిపి చూడడం

ఇక్కడితో చాలామంది ఆపేస్తారు. ఇది అంతా సవ్యంగా జరిగిన రోజు పని. ఇప్పుడు ప్రతి ముక్క దగ్గరా ఇంకో ప్రశ్న వేయండి: "ఇది ఇలా కుదరకపోతే మీరేం చేస్తారు?"

నాలుగో ముక్క దగ్గర ఈ ప్రశ్న వేసి చూడండి. గొలుసు తుప్పు పట్టి తెగిపోయి ఉంటే? కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఫిట్టర్ చెప్తాడు: "అప్పుడేముంది సార్, నిచ్చెన వేసుకుని ఒకరు దిగి తాడు కడతారు." హెల్పర్ అందుకుంటాడు: "అన్నా, మొన్న నేనే కదా దిగింది, రెండు నిమిషాల పని."

మీ ఎనిమిది ముక్కల్లో ఎక్కడా "ట్యాంకులోకి దిగడం" లేదు. కానీ ఈ పనిలో మనిషి చనిపోతే ఆ రెండు నిమిషాల్లోనే చనిపోతాడు. జేఎస్ఏ చేసేది ఇలాంటి రాయని ముక్కను బయటికి లాగడానికే. దాన్ని వెంటనే 4-ఏ అని లిస్టులో చేర్చండి.

ఒక్కో ముక్కలో ఏముందో వెతకడం

"ఇక్కడ ఏం ప్రమాదం ఉంది?" అని అడిగితే "ఏం లేదు సార్, రోజూ చేసేదే" అంటారు. అలా కాకుండా, మనిషిని గాయపరచగల శక్తి ఏ రూపంలో అక్కడ ఉందో ఒక్కొక్కటిగా అడగండి. కరెంటు ఉందా? పై నుంచి పడేది, లేదా మనిషే పడిపోయే చోటు ఉందా? తిరిగేది ఉందా? పైపులో ప్రెషర్ మిగిలి ఉందా? వేడి? రసాయనం? పీల్చే గాలి ఎలా ఉంది? ఇలా అడిగితే మామూలు ముక్కల్లోంచి కూడా సమాధానాలు వస్తాయి.

మొదటి ముక్కనే చూడండి. పంపు ఆపేశాం అంటే స్టాప్ బటన్ నొక్కామనే చాలాసార్లు అర్థం. ఈటీపీ పంపులు ఎక్కువగా ఆటో మోడ్‌లో, ఫ్లోట్ స్విచ్ మీద నడుస్తాయి. నీళ్లు ఒక మట్టానికి రాగానే వాటంతట అవే స్టార్ట్ అవుతాయి. ఆరో ముక్కలో ఇంపెల్లర్‌లో చెయ్యి పెట్టేసరికి ట్యాంకులో మట్టం పెరిగి ఉంటుంది. అంటే మొదటి ముక్కలో వదిలేసింది ఆరో ముక్కలో వేళ్లు తీస్తుంది. ముక్కలను విడివిడిగా మాత్రమే చూస్తే ఇలాంటి లింకు తెలియదు.

మూడో ముక్కలో డెలివరీ లైనులో నిలిచిన నీళ్లున్నాయి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు పట్టకపోతే బోల్టు వదులు చేయగానే ఆ నీళ్లు ముఖం మీదకు చిమ్ముతాయి. అందులో యాసిడ్ ఉందో ఆల్కలీ ఉందో ఆ రోజు ప్రొడక్షన్ వదిలినదాన్ని బట్టి ఉంటుంది. నాలుగో ముక్కలో చైన్ బ్లాక్‌ను దేనికి వేలాడదీస్తున్నారో తల ఎత్తి చూడండి. చాలా చోట్ల పైన పోయే పైపులైనుకే కట్టేస్తారు. పైపు ఉన్నది ద్రవం మోయడానికి, పంపును మోయడానికి కాదు. రెండో ముక్క తర్వాత ఆ రంధ్రం పని అయ్యేదాకా తెరిచే ఉంటుంది. వెనక్కి నడుస్తూ పంపు లాగే మనిషి కళ్లు పంపు మీద ఉంటాయి, కాళ్ల దగ్గర కాదు. ఐదు, ఏడు ముక్కల్లో మామూలు దెబ్బలే, కాలి మీద పంపు పడడం, నడుం పట్టడం లాంటివి. రాసుకుని ముందుకు పోండి.

ఇక 4-ఏ. ఇక్కడ తొందరపడకూడదు. గాలి ఆడని చోట కుళ్లే మడ్డిలో, అంటే స్లడ్జ్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. గాలికంటే బరువైనది కాబట్టి అడుగున పరుచుకుంటుంది. కదపకపోతే చాలా భాగం మడ్డిలోనే చిక్కుకుని ఉంటుంది. మనిషి కాలు పెట్టి కదిపితే ఒక్కసారిగా బయటికి వస్తుంది. అందుకే దిగకముందు పైన చూసిన రీడింగ్ ఒక్కటే నమ్మడానికి లేదు. తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. సుమారు 100 పీపీఎం (గాలి పది లక్షల వంతుల్లో 100 వంతులు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. "ఇందాక వాసన వచ్చింది, ఇప్పుడు పోయింది, దిగొచ్చు" అనే మాటకు మించిన ప్రమాదం లేదు. 700 నుంచి 1000 పీపీఎం దగ్గర ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషి కుప్పకూలిపోతాడు. ఇంకొకటి కూడా ఉంది. సల్ఫైడ్ ఉన్న నీళ్లలో యాసిడ్ నీళ్లు కలిస్తే ఈ గ్యాస్ అప్పటికప్పుడు పుడుతుంది. మనిషి లోపల ఉండగా ప్రొడక్షన్ బ్లాక్ నుంచి ఎవరో యాసిడ్ వాష్ వదిలితే అంతే.

అతను పడిపోగానే పైనున్నవాడు ఏం చేస్తాడు? "అన్నా" అని అరిచి తనూ దూకుతాడు. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లో ఇచ్చిన హెచ్చరికలో, ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని రాసింది. మన పేపర్లలో వచ్చే సెప్టిక్ ట్యాంకు వార్తలు చూడండి. ఒకరితో ఆగిన వార్తలు తక్కువ.

ఇవన్నీ కాగితం మీదకు ఎక్కించేటప్పుడు "గ్యాస్", "కరెంట్ షాక్" అని ఒక్క ముక్కలో తేల్చకండి. ఏది, ఎందువల్ల, ఎవరికి ఏం చేస్తుందో ఒక వాక్యంగా రాయండి. "ఫ్లోట్ స్విచ్ వల్ల పంపు దానంతట అదే స్టార్ట్ అయి, ఇంపెల్లర్‌లో చెయ్యి పెట్టిన ఫిట్టర్ వేళ్లు నలగడం." ఇలా రాస్తే ఏం చేయాలో ఆ వాక్యంలోనే సగం దొరుకుతుంది.

మార్కులు వేయడం

ఎంత తీవ్రం, ఎంత తరచు అని ఐదుకి ఇన్ని వేసి గుణించే పట్టిక మీ కంపెనీలో ఉంటే వాడండి. ఏ ముక్కను ముందు పట్టించుకోవాలో చెప్పడం వరకే దాని పని. "ఎప్పుడూ జరగలేదు కదా" అని తరచు గడిలో ఒకటి వేసి 4-ఏను ఆకుపచ్చ రంగులోకి, అంటే ప్రమాదం తక్కువనే గడిలోకి దించే తెలివి ఎవరికైనా వస్తుంది. ప్రాణం పోయే అవకాశం ఉన్న ముక్కకు గుణకారం ఎంత వచ్చినా సరే, కంట్రోల్ లేకుండా పని మొదలుకాకూడదని ముందే ఒక రూలు పెట్టుకోండి.

కంట్రోల్స్: పై నుంచి కిందకు రండి

సగటు జేఎస్ఏ ఇక్కడే తేలిపోతుంది. ప్రమాదాన్ని అదుపు చేసే మార్గాలకు ఒక వరస ఉంది. మొదట ఆ ప్రమాదమే లేకుండా చేయగలమా? లేకపోతే తక్కువ ప్రమాదమున్నదాన్ని పెట్టగలమా? ఆ తర్వాత మనిషికీ ప్రమాదానికీ మధ్య ఏదైనా అడ్డం పెట్టగలమా? ఆ తర్వాతే పర్మిట్లు, ట్రైనింగ్, బోర్డులు. అన్నిటికన్నా చివర హెల్మెట్, గ్లౌజులు, మాస్కు. మనవాళ్లు మాత్రం చివరి మెట్టు మీద మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే గ్లౌజులు స్టోర్‌లో ఉంటాయి, మిగతావాటికి పర్చేజ్ రిక్వెస్ట్ పెట్టాలి.

మన 4-ఏకి ఈ వరస పెట్టి చూద్దాం. మనిషి ఎందుకు దిగుతున్నాడు? గొలుసు తెగినందుకు. గొలుసు ఎందుకు తెగింది? మురుగునీటిలో ఏళ్ల తరబడి నాని తుప్పు పట్టినందుకు. స్టెయిన్‌లెస్ స్టీల్ గొలుసు వేసి, దాని పై చివరను ట్యాంకు అంచు దగ్గర కొక్కేనికి తగిలించి ఉంచితే ఆ అవసరం చాలావరకు పోతుంది. ఇంకా మంచిది, గైడ్ రైలు మీద జారే ఆటో కప్లింగ్ పంపు. డెలివరీ బెండు అడుగున బిగించి ఉంటుంది. పంపు రైలు మీదుగా దిగి తన బరువుతోనే దానికి అతుక్కుంటుంది, లాగితే వదిలి పైకి వస్తుంది. ఫ్లాంజ్ విప్పే పనీ ఉండదు, దిగే పనీ ఉండదు. మూడో ముక్క కూడా లిస్టులోంచి కొట్టేయొచ్చు. ఖర్చు ఉంది, నిజమే. ఒకసారి పెట్టేసే ఖర్చు అది. స్లడ్జ్ తీయడానికైతే మనిషి బదులు పైనుంచే లాగే సక్షన్ లారీ పిలిపించవచ్చు.

గైడ్ రైలు వచ్చేదాకా ఏం చేయాలి? గొలుసు తెగి ఉంటే పొడవాటి కడ్డీకి కొక్కెం పెట్టి పైనుంచే పంపు హ్యాండిల్‌ను అందుకునే ప్రయత్నం చేయొచ్చు. కేబుల్ పట్టుకుని పంపును లాగడం మాత్రం వద్దు. కేబుల్ ఊడి నీళ్లు మోటారులోకి వెళతాయి, తర్వాత స్విచ్ వేసినవాడికి షాక్ కొడుతుంది. కొక్కేనికి అందకపోతే పని ఆపి, ట్యాంకు ఖాళీ చేయించి, పూర్తి ఎంట్రీ పర్మిట్‌తోనే దిగాలి. "ఆపడం" అనే మాట కంట్రోల్ గడిలో అక్షరాలా రాయండి. రాయకపోతే అర్ధరాత్రి షిఫ్టులో మళ్లీ నిచ్చెన వస్తుంది.

దిగక తప్పకపోతే

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ చాలా ఏళ్ల కిందటే దీన్ని స్పష్టంగా చెప్పింది. లోపలి గ్యాస్ తీసేసి, ప్రమాదం లేదని అర్హత ఉన్న వ్యక్తి పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. లేదంటే దిగేవాడికి తగిన శ్వాస పరికరం, బెల్టు ఉండి, ఆ బెల్టుకు కట్టిన తాడు రెండో చివర బయటి మనిషి చేతిలో ఉండాలి. ఆచరణలో రెండూ కలిపి చేయడమే నయం.

ముందు ట్యాంకులోకి వచ్చే లైన్లన్నీ మూసి తాళం వేయండి. వాల్వు తిప్పి వదిలేయడం కాదు, వీలైతే బ్లైండ్ ఫ్లాంజ్ (పైపు నోటిని మూసేసే బిళ్ల) వేయండి. ప్రొడక్షన్ షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కు ఫోన్ చేసి చెప్పడమే కాక పర్మిట్ మీద ఆయన సంతకం తీసుకోండి. ట్యాంకు ఖాళీ చేసి, పైనుంచే నీళ్లతో కడిగించండి. బ్లోవర్ డక్టును అడుగు దాకా దించి తాజా గాలి కొట్టండి. బ్లోవర్ గాలి పీల్చే చోట డీజిల్ జనరేటర్ పొగ లేకుండా చూసుకోండి. కొందరు గాలి కోసం ఆక్సిజన్ సిలిండర్ తెరుస్తారు. ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు, ఆక్సిజన్ ఎక్కువైన చోట చిన్న నిప్పురవ్వకు బట్టలు కూడా భగ్గుమంటాయి.

గ్యాస్ డిటెక్టర్‌ను ఆ రోజు టెస్ట్ గ్యాస్‌తో సరిచూసుకున్నాకే వాడాలి. ముందు ఆక్సిజన్, తర్వాత మండే వాయువు, ఆ తర్వాత విష వాయువులు. ఈ వరసకు కారణం ఉంది: మామూలుగా వాడే మండే వాయువు సెన్సర్‌కు సరిగ్గా పనిచేయడానికి చాలినంత ఆక్సిజన్ కావాలి, లేకపోతే తక్కువ చూపిస్తుంది. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి. ట్యూబుతో లాగే మీటరైతే గాలి అక్కడిదాకా చేరే వరకు ఆగాలి. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. మండే వాయువు ఎల్ఈఎల్‌లో (గాలిలో మంట అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదు) 10 శాతం లోపు, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం లోపు ఉండాలి. మీ కంపెనీ పరిమితి ఇంతకన్నా తక్కువైతే అదే పాటించాలి. ఒకసారి చూసి మీటరు జేబులో పెట్టుకోవద్దు. మడ్డి కదిలినప్పుడే కదా గ్యాస్ వచ్చేది, దిగిన మనిషి ఛాతీ మీద మీటరు మోగడానికి సిద్ధంగా ఉండాలి.

మాస్కు విషయంలో చాలామందికి ఉన్న భ్రమ ఒకటి. గుడ్డ మాస్కు గ్యాస్‌ను ఆపదు. కార్ట్రిడ్జ్ మాస్కు గాలిని వడకడుతుంది, లేని ఆక్సిజన్‌ను తయారుచేయదు. గాలి నమ్మదగినది కాకపోతే సిలిండర్ మోసుకెళ్లే ఎస్‌సీబీఏ గానీ బయటి నుంచి గాలి వచ్చే ఎయిర్‌లైన్ గానీ ఉండాలి. అవి లేకపోతే దిగడం లేదు. లోపల వాడే చేతి లైటు 24 వోల్టులు మించకూడదని కూడా ఆ చట్టంలోనే ఉండేది. మండే ఆవిరి ఉండే చోటైతే ఫ్లేమ్‌ప్రూఫ్ లైటే వాడాలి.

బయట నిలబడే మనిషికి అదొక్కటే పని. స్పానర్ అందించడం, టీ తేవడం అతని పని కాదు. ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు), వించ్ (తాడు చుట్టి లాగే సాధనం), ఒళ్లంతా పట్టే హార్నెస్ ముందే తగిలించి ఉండాలి, లోపలి మనిషి పడిపోతే బయటివాడు హ్యాండిల్ తిప్పి లాగాలి. ఏం జరిగినా తను దిగకూడదు. ఈ మాటను పని రోజు చెప్తే సరిపోదు. తోటివాడు కళ్లముందు పడిపోతుంటే కాళ్లు ఆగవు, కాబట్టి ముందే ఒకసారి ఇసుక బస్తాను హార్నెస్‌కు కట్టి లాగించి చూడండి. ఎంతసేపు పట్టిందో, వించ్ ఎక్కడ పట్టేసిందో అప్పుడే తెలుస్తుంది.

మిగతా ముక్కలకు

కరెంటుకు తాళం. ప్యానెల్‌లో ఐసోలేటర్ (కరెంటును పూర్తిగా విడదీసే స్విచ్) ఆఫ్ చేసి, పని చేసే ఫిట్టర్ తన సొంత తాళం వేసి, తాళం చెవి తన జేబులో పెట్టుకోవాలి. ఇద్దరు పని చేస్తే రెండు తాళాలు. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి, సెలెక్టర్‌ను ఆటోలో పెట్టి ఫ్లోట్‌ను ఎత్తి కూడా చూడాలి. పంపు కదిలితే కరెంటు ఇంకా ఉన్నట్టే. జామ్ అయిన పంపు కరెంటు ఉన్నా కదలదు కాబట్టి, కదలకపోవడం ఒక్కటే నమ్మడానికి లేదు. "పని జరుగుచున్నది" అని అట్టముక్క వేలాడదీసి వదిలేస్తే దాన్ని తీసి పక్కన పెట్టి స్విచ్ వేసేవాళ్లు ప్రతి ఫ్యాక్టరీలోనూ ఉంటారు.

ఎత్తడానికి పైపులైను బదులు బీమో, డేవిట్టో (అంచున నిలిపే చిన్న క్రేను చెయ్యి), గ్యాంట్రీనో (కాళ్ల మీద నిలిచే బీము) వాడండి. పంపు బరువు నేమ్‌ప్లేట్ మీద ఉంటుంది, మడ్డి పట్టిన పంపు అంతకన్నా ఎక్కువ తూగుతుంది. చైన్ బ్లాక్‌లను ఏడాదికి ఒక్కసారైనా అర్హత ఉన్న వ్యక్తితో పరీక్ష చేయించాలని ఆ 1948 చట్టమే చెప్పింది, ఆ సర్టిఫికెట్ నెంబరు జేఎస్ఏలోనే రాసుకుంటే సులువు. తెరిచిన రంధ్రం చుట్టూ రెయిలింగ్, పంపు పట్టేంత మేరకే గ్రేటింగ్ తీయడం, ఫ్లాంజ్ విప్పేముందు డ్రెయిన్ తెరిచి లైను ఖాళీ చేయడం, బోల్టులను మనకు అవతలి వైపు నుంచి మొదట వదులు చేయడం. కళ్లకు పక్కల నుంచి కూడా మూసుకునే గాగుల్స్, రసాయనాలకు తట్టుకునే గ్లౌజులు. చూశారా, గ్లౌజులు ఇప్పుడు వచ్చాయి. వాటి చోటు ఇదే.

కాగితం మీద పెట్టడం

ఒక్క పేజీ, మించితే వెనకవైపు. మూడు నిలువు గడులు: పని ముక్క, ఏం కావచ్చు, ఏం చేయాలి. నాలుగోది నేను తప్పనిసరి అంటాను: ఎవరు. "చూడవలెను", "ఉండవలెను" అంటే ఎవరూ చూడరు. "ఎలక్ట్రీషియన్ ఐసోలేట్ చేసి, ఫిట్టర్ తన తాళం వేసి, ఇద్దరూ స్టార్ట్ బటన్ నొక్కి చూస్తారు" అని రాస్తే తప్పించుకునే దారి లేదు. గైడ్ రైలు లాంటి పెద్ద మార్పులకు బాధ్యుడి పేరూ తేదీ పెట్టండి. తేదీ లేని సిఫార్సును ఎవరూ పట్టించుకోరు.

చదివేవాళ్ల భాషలో రాయండి. కార్మికుల్లో సగం మంది హిందీ చదివేవాళ్లయితే హిందీలోనూ ఒకటి ఉండాలి. చదవడం రానివాళ్లకు తాళం, మీటరు, ట్రైపాడ్ ఫొటోలు పెడితే పది వాక్యాల పెట్టు.

పని రోజు

మొదలుపెట్టే ముందు ట్యాంకు దగ్గరే ఐదు నిమిషాలు నిలబడండి. మీరు చదివి వినిపించకండి. ఒక్కొక్కరిని వాళ్ల ముక్క చెప్పమనండి. హెల్పర్‌ను అడగండి: "గొలుసు తెగి ఉంటే ఏం చేస్తావు?" "ఆపేసి మీకు ఫోన్ చేస్తా" అనే జవాబు రావాలి. వేరే జవాబు వస్తే పని ఇంకా మొదలుపెట్టకండి.

కాగితంలో లేనిది ఎదురైతే? వాన పడుతోంది, ట్రైపాడ్ వేరే బ్లాక్‌లో ఉంది, అలవాటైన ఫిట్టర్ సెలవు. ఇందులో ఏదైనా సరే, ఆగి ఆ ముక్కను మళ్లీ చూడాలి. ఆపినవాడిని వెటకారం చేస్తే ఇంకోసారి ఎవరూ ఆపరు. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణలో, ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీల్లో తక్షణ ప్రమాదం ఉందని తోస్తే యాజమాన్యానికి చెప్పే హక్కు కార్మికుడికి 41-హెచ్ సెక్షన్ ఇచ్చింది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ అలాంటి హక్కు ఉంది. మీ కార్మికుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అడిగి చూడండి.

మళ్లీ ఎప్పుడు తెరవాలి

ఏడాదికోసారి అని క్యాలెండర్‌లో పెట్టుకోవడం మంచిదే గానీ, అసలు చూడాల్సింది మార్పును. పంపు మోడల్ మారింది, ట్యాంకులోకి కొత్త ప్రొడక్ట్ నీళ్లు వస్తున్నాయి, కాంట్రాక్టర్ మారాడు, ఎవరికో తృటిలో తప్పింది. వీటిలో ఏదైనా జరిగితే ఆ వారంలోనే మళ్లీ కూర్చోవాలి.

షట్‌డౌన్‌ను ప్రత్యేకంగా చూడండి. ప్లాంటు ఆగింది కాబట్టి ప్రమాదమూ ఆగిందనుకోవడం సహజం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో లాక్‌డౌన్‌తో ఉత్పత్తి ఆగి ఉంది. ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ వేడెక్కి ఆవిరై ఊళ్లోకి పాకింది, 12 మంది చనిపోయారు. చిన్న స్థాయిలో మన ఈటీపీలోనూ అంతే. పది రోజులు ఏరేషన్ (నీళ్లలోకి గాలి పంపడం) ఆపేస్తే నీళ్లు కుళ్లి, మామూలు రోజుల్లో లేని గ్యాస్ తయారై ఉంటుంది. సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి షిఫ్టులో పంపు స్టార్ట్ కాలేదని ఫోన్ వస్తే, పాత జేఎస్ఏ పట్టుకుని పరుగెత్తకుండా 2, 4-ఏ ముక్కల దగ్గర ఆగి మళ్లీ చదవండి.

పూర్తయిన పేజీని బీరువాలో పెట్టకండి. లామినేట్ చేయించి ఈటీపీ ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించండి, ఐసోలేటర్ ఆఫ్ చేయడానికి వచ్చినవాడి కంట పడేలా. ఫోన్ నెంబర్లు పెద్ద అక్షరాల్లో అడుగున ఉండాలి. గైడ్ రైలు బిగించిన రోజున ఆ పేజీని పీకేసి, 3, 4-ఏ ముక్కలు లేని కొత్త పేజీ అంటించండి.